నాలుగో రంగు బంక

బావ పాత మోటారుసైకిలు వీధి మలుపులో ఉండగానే మేస్త్రీకి దాని చప్పుడు తెలిసిపోయేది. ఆ రోజు చప్పుడు రాలేదు. బావ రొప్పు వచ్చింది. అంటే బండి ఎక్కి రాలేదు, నెట్టుకొస్తున్నాడన్నమాట. మేస్త్రీ చేతిలో పానా కింద పెట్టి, ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అక్క మొగుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. బండి కింద అప్పుడే ఒక నల్లచుక్క కూడా పడింది.

“మళ్లీనా బావా?”

“మళ్లీ మళ్లీ అంటావేంట్రా? ఇంకా మూడోసారేగా!”

ఇంకా మూడోసారే! నెలరోజుల్లో మూడుసార్లు ఇంజన్ పక్కమూత విప్పి, ఆయిల్ కారకుండా మూడు రంగుల బంక పూసి బిగించిన చేతులు మేస్త్రీవి. మొదట ఎరుపు, తర్వాత నలుపు, ఆ తర్వాత నీలం. ఏది పూసినా ఇల్లు చేరేదాకా బుద్ధిగా ఉండి, వసారా ఎక్కగానే చంటిపిల్లాడి ముక్కులా కారడం మొదలుపెట్టేది. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల బండ్లు బాగుచేసినవాడు సొంత బావ బండికి చుక్క ఆపలేకపోయాడంటే, ఇక షెడ్డుకు ఎవడొస్తాడు?

ఆ బండి సామాన్యమైనది కాదని బావ చెబుతాడు. అది ఒకసారి రైలునే దాటేసిందట. రైలు అప్పుడు స్టేషన్లో ఆగి ఉందన్న సంగతి ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే తప్ప బయటికి రాదు. ఇంకోసారి గాలివానలో ఆయన్ని వీపుమీద వేసుకుని, ఇంజన్ ఆగిపోయినా ఇంటిదాకా అదే తీసుకొచ్చిందట. ఇల్లు పల్లంలో ఉంటుందని అక్క పక్కనుంచి అందిస్తుంది.

కానీ ఆ రోజు కోతలేవీ లేవు. బావ గొంతు తగ్గించాడు.

“మీ అక్క తాళంచెవి లాక్కుందిరా. వసారాలో కొత్తగా తెల్లరాయి వేయించింది కదా, దానిమీద మచ్చలు పడ్డాయని. రేపు పొద్దున పదింటికి పాత ఇనుము కొనేవాణ్ణి రమ్మంది. తూకానికిచ్చేస్తుందట. తూకానికిరా, నా బండిని!”

ఆ ఆఖరి మాట అంటూ ఆయన బండి సీటును అరచేత్తో తుడిచాడు. మేస్త్రీ కోపం కొంచెం జారింది. జారిన కోపాన్ని బావే మళ్లీ ఎత్తి కట్టాడు.

“అయితే ఒక్కటి. ఆలోపు కారడం ఆగితే ఉండనిస్తుందట. కానీ ఈసారి మూత ఇంట్లోనే, తన కళ్లముందే విప్పాలంది.”

“మరి ఇంత దూరం ఎందుకు నెట్టుకొచ్చావు?”

“నీకు చూపిద్దామని.”

చూసినవాడికి చెమట, చూపించినవాడికి ఆయాసం. ఇద్దరూ కలిసి బండిని స్పేర్‌పార్టుల షాపుదాకా నెట్టారు.

ఆ షాపువాడు ఏది అడిగినా ముందు నిట్టూర్చి తర్వాత తీస్తాడు. గోడకు వేలాడుతున్న ట్యూబుల్లోంచి నాలుగు తీసి బల్లమీద పరిచాడు.

“నీలం పని చెయ్యలేదా? హుఁ. నేను అప్పుడే అనుకున్నా.”

“అనుకుంటే నాతో అనొచ్చుగా!” అన్నాడు మేస్త్రీ.

“నువ్వు అడగలేదుగా మేస్త్రీ. ఇదిగో, బూడిదరంగు తీసుకో. అల్యూమినియం మూతకి ఇదే సరి. ఆయిల్ తగిలినా ఊడదు.”

“ఎరుపు ఇచ్చినప్పుడూ ఇదే మాట అన్నావు.”

“అప్పుడు బూడిద రంగు స్టాకు లేదు.”

బావ మధ్యలో దూరాడు. “నన్నడిగితే మళ్లీ నలుపే పూయాలి. ఆయిలూ నలుపే, బంకా నలుపే. కారినా కనపడదు.”

“తెల్లరాయి మీద కూడా కనపడదా బావా?”

బావ కాసేపు ఆలోచించి, ఆ దారి వదిలేసి ఇంకో దారి పట్టాడు. “మా స్నేహితుడొకడు ఇట్లాంటి బంకే పూస్తూ చెయ్యి ఇంజన్‌కి అంటించుకున్నాడు. మూడు రోజులు ఊడిరాలేదు. పెళ్లిచూపులకి కూడా ఇంజన్ సంకలో పెట్టుకునే వెళ్లాడు. పిల్ల తరఫువాళ్లు, అబ్బాయికి సొంత బండుందని సంబరపడి ఖాయం చేసుకున్నారు.”

షాపువాడు రెండోసారి నిట్టూర్చాడు. మేస్త్రీ బూడిదరంగు ట్యూబు, మూతకూ ఇంజన్‌కూ మధ్య పెట్టే ఒక ప్యాకింగ్ షీటు పట్టుకుని బయటపడ్డాడు. ఇంకొక్క నిమిషం ఉంటే ఏ రంగు బంకైనా సరే, బావ నోటికి పూసి ఉండేవాడు.

వసారాలో అక్క పాత దుప్పట్లు పరిచి, ముక్కాలిపీట వేసుకుని సిద్ధంగా ఉంది. తెల్లరాయి అద్దంలా మెరుస్తోంది, మూడు మచ్చలు తప్ప. ఆ మూడూ ఎన్నిసార్లు తోమినా పోలేదని, ఎన్నిసార్లు తోమిందో లెక్కతో సహా చెప్పింది.

మేస్త్రీ తలవంచుకుని పనిలో పడ్డాడు. ఆయిల్ దించాడు, మూత విప్పాడు. పాత బంకను చెక్కముక్కతో గీకి, అంచులు పెట్రోలు గుడ్డతో తుడిచాడు. ఆ బండికి కంపెనీ ప్యాకింగ్ దొరకడం ఆగిపోయి చాలా కాలమైంది. అందుకని షీటును మూత మీద పరిచి, అంచుల వెంట చిన్న సుత్తితో టకటక తట్టి కత్తిరించాడు. ఆ పనిలో అతనికి వంక పెట్టేవాడు లేడు. తర్వాత ట్యూబు మూతి కోసి, పురికొసంత సన్నగా బంక పెట్టడం మొదలుపెట్టాడు.

“ఇంకాస్త దట్టంగా పెట్టరా,” అన్నాడు బావ.

“ఎక్కువైతే లోపలికి పొంగి, తునిగి, ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది.”

“నీ పిసినారితనం బంకలో కూడానా?”

“బావా, నువ్వు ఆ మూల కూర్చో.”

“ఇది నా ఇల్లు!”

“ఇల్లు నాది. మీరు ఆ మూలే కూర్చోండి,” అంది అక్క.

మేస్త్రీ మూత పెట్టి, బోల్టులు బిగించి, అలవాటుగా ఆయిల్ డబ్బా అందుకున్నాడు. అతని గురువుగారి కాలంలో సీసాలో గోధుమరంగు బంక వచ్చేది. కుంచెతో పూసి, టీ తాగివచ్చేలోపు ఆయిల్ పోసి, బండి అప్పగించేవాళ్లు. పదిహేనేళ్ల వయసులో నేర్చిన ఆ లెక్క అతను ఏ రోజూ మార్చలేదు. పైగా బావ అయితే టీ కూడా తాగనివ్వడు, పక్కనే నిలబడి కిక్కు మీద కాలు పెట్టుకుని ఉంటాడు.

“ఆగు,” అంది అక్క.

ఆవిడ చేతిలో ట్యూబుంది. ముక్కు మీద కళ్లజోడుంది. అక్షరం అక్షరం ఒత్తి చదివింది. “బోల్టులు ముందు చేత్తో మాత్రమే బిగించవలెను. గంట తర్వాత పానాతో బిగించవలెను. ఇరవైనాలుగు గంటలు ఆరిన పిమ్మట మాత్రమే ఆయిల్ పోయవలెను.”

మేస్త్రీ ఆయిల్ డబ్బా మెల్లగా కింద పెట్టాడు.

“అంత చిన్న అక్షరాలు ఎవడు చదువుతాడక్కా?”

“కళ్లజోడు పెట్టుకున్నవాడు.”

మేస్త్రీకి కళ్లజోడుంది. షెడ్డులో సొరుగు అడుగున, గుడ్డలో చుట్టి ఉంది. మెకానిక్‌కు చూపానదని తెలిస్తే గిరాకీ పోతుందని దానికి వెలుగు చూపించలేదు.

“నా కళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఈ మధ్య అక్షరాలే చిన్నవి చేస్తున్నారు,” అన్నాడు మూలలోంచి బావ.

అక్క వినిపించుకోలేదు. తమ్ముడి సామాను పెట్టెలో చెయ్యి పెట్టి, సగం వాడిన మూడు ట్యూబులూ తీసింది. ఎరుపు చదివింది. నలుపు చదివింది. నీలం చదివింది. అన్నిట్లోనూ అదే మాట. ఏ రంగుకూ ఏ పాపమూ తెలీదు. ఎవరూ వాటిని ఆరనివ్వలేదు, అంతే.

మేస్త్రీ మారుమాట లేకుండా మూత విప్పి, ఉన్న బంకంతా తుడిచి, మళ్లీ మొదటినుంచి పెట్టాడు. చేత్తో బిగించి గంటసేపు కూర్చున్నాడు. ఆ గంటలో అక్క అతన్ని చూసిన చూపు కన్నా తిట్లే నయం. పానాతో ఆఖరి బోల్టు బిగించేసరికి నాలుగయింది.

“రేపు నాలుగింటికిగానీ ఆయిల్ పొయ్యకూడదు. ఇనుపవాడేమో పదింటికే వస్తాడు,” అన్నాడు బావ, ఉరికంబం ఎక్కేవాడిలా.

అక్క కళ్లజోడు మడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పదింటికి పాత ఇనుమువాడు పాత ఇంజనొకటి బిగించిన తన తోపుడుబండి వేసుకుని రానే వచ్చాడు. వంగి తెల్లరాయిని చూశాడు. కొత్త మచ్చ లేదు.

“చూశావా, చుక్క లేదు! ఇది అమ్మే బండి కాదు, వెళ్లు వెళ్లు,” అన్నాడు బావ, ఛాతీ పొంగించి.

“ఇంత పాత బండి కారడం లేదంటే లోపల ఆయిలే లేదేమో సార్,” అన్నాడు వాడు.

బావకు తిక్కరేగింది. “లేదా? చూపిస్తా ఉండు!” అంటూ కిక్కు మీద కాలెత్తాడు. అక్క లాక్కున్న తాళంచెవి మళ్లీ బండికే వేలాడుతున్న సంగతి అప్పుడే మేస్త్రీ చూశాడు. అమాంతం దూకి బావ కాలు వాటేసుకున్నాడు.

“నిజంగానే లేదు బావా! ఆయిల్ లేకుండా తిప్పావా, ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడిక తూకానికే!”

బావ ఒంటికాలి మీద నిలబడిపోయాడు. మేస్త్రీ భయంగా అక్క వంక చూశాడు. ఖాళీ ఇంజన్‌తో తనను మోసం చేద్దామనుకున్నారని ఇప్పుడు విరుచుకుపడుతుందనుకున్నాడు.

“చదివింది నేనేగా! పొయ్యలేదని నాకు తెలీదా?” అంది అక్క. ఇనుపవాడి వైపు తిరిగింది. “సాయంత్రం అయిదింటికి రావయ్యా. అప్పుడు కారితే పట్టుకుపో. కారకపోతే ఊరికే పో.”

నాలుగు కొట్టగానే మేస్త్రీ ఆయిల్ పోశాడు. కిక్కు కొట్టడం బావ వంతు. మూడో కిక్కుకి ఇంజన్ అందుకుంది. బండి కింద తెల్ల కాగితం పరిచి, అరగంట తిప్పి, ఆపి, అరగంట ఆగారు. అయిదింటికి ఇనుపవాడు, ఎక్కించుకోడానికి వీలుగా తన బండిని వసారాలోకే తెచ్చి పక్కన ఆపాడు. నలుగురూ గొంతుక్కూర్చుని, తలలు నేలకు ఆనించి, మూత అడుగునే చూశారు. బావ ఊపిరి కూడా తీయడం లేదు. మేస్త్రీ కాగితం బయటికి లాగి వెలుతురులో తిప్పి చూశాడు. తెల్లగా ఉంది. మూత అంచు వేలితో తడిమాడు. పొడిగా ఉంది.

“కారలేదు,” అన్నాడు. గొంతులో సంతోషం కన్నా విసుగే ఎక్కువ పలికింది. నెల రోజులు, నాలుగు రంగులు, ఒక్క రోజు ఆగలేక!

బావ బండి ట్యాంకును పట్టుకుని నిమిరాడు. అక్క “సరే, ఉండనివ్వండి,” అని మోకాళ్లు పట్టుకుని లేచింది.

లేచిన మనిషి లేచినట్టే ఆగిపోయింది. ఆవిడ చూపు ఇనుపవాడి తోపుడుబండి కిందికి పోయింది. అక్కడ, సరికొత్త తెల్లరాయి మీద, అరచేతంత నల్లటి మడుగు నింపాదిగా పాకుతోంది.

“అది... అది ఎప్పుడూ కొంచెం...” అన్నాడు వాడు.

మేస్త్రీ సామాను పెట్టె చప్పుడు కాకుండా మూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వసారా దిగాడు. వీధి మలుపు తిరిగేదాకా అక్క గొంతు వినిపిస్తూనే ఉంది. అందులో “తమ్ముడూ” అన్న పిలుపు కూడా ఉంది. అతను ఇంకాస్త వేగంగా నడిచాడు.