మిగిలిన గుడ్డ

ఎవరి బట్టలు బిగించినా, మళ్లీ ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి లోపల రెండు వేళ్ల గుడ్డ వదలడం టైలరమ్మ పద్ధతి. ఏడేళ్ల కిందట లావు తగ్గడానికి చేయించుకున్న పొట్ట ఆపరేషన్‌తో తను సగమైనప్పుడు మాత్రం, తన నీలం గౌను బిగించి మిగిలిన గుడ్డంతా కత్తిరించి పారేసింది.

“కాస్త ఉంచవే,” అంది అక్క.

“నేను మళ్లీ లావెక్కాలనా?” అని ఇంతెత్తున లేచింది.

తూచినట్టు తింటున్నా ఒళ్లు మళ్లీ వచ్చింది. “నోరు కట్టుకోవాలి” అంటూ ఇంట్లో ప్రతివాళ్లూ డాక్టర్లయ్యారు.

ఈరోజు గౌను తిరగేస్తే, విప్పడానికి లోపల గుడ్డే లేదు. అక్క బీరువాలోంచి చిన్న మూట తెచ్చి ముందు పెట్టింది. అన్నీ ఆనాటి నీలం ముక్కలే, రంగు కూడా వెలవలేదు.

“పనికొస్తాయని అప్పుడే ఏరి దాచా.”

టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించింది.

“ఎంత నమ్మకం అక్కా, నీకు నా మీద!”