తలుపు మీది వారం

పెద్దమ్మాయి తన వారమంతా ఫోన్లోనే పెట్టుకుంది. కాలేజీ క్లాసులు, ల్యాబులు, సాయంత్రాలు తను చెప్పే ట్యూషన్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు. అంతా బాగానే ఉంది కానీ, తర్వాతి పని ఏమిటో చూసుకుందామని ఫోన్ తీసిందంటే చాలు, ఇంట్లోవాళ్ల కంటికి ఆమె ఊరికే కూర్చున్నట్టే కనిపించేది.

"ఎలాగూ ఫోన్ చూస్తూ కూర్చున్నావుగా, వెళ్లి తమ్ముణ్ణి బడి నుంచి తీసుకురా" అనేది అమ్మ.

"ఈ చొక్కాలు ఇచ్చేసి రామ్మా" అనేవాడు దర్జీ పని చేసే నాన్న.

ఓ రోజు ఆమెకి ఒళ్లు మండింది. నాన్న కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం చింపి, ఏడు గళ్లు గీసి, వాళ్లు చెప్పే పనులతో సహా వారమంతా బరబరా రాసి, వంటింటి తలుపుకి అతికించింది.

"చూసుకోండి, నేనెంత తీరిగ్గా ఉన్నానో!"

అమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి కాగితం నిండా దర్జీ సుద్ద గీతలు. 'తమ్ముణ్ణి తేవాలి' కొట్టేసి పక్కన 'నాన్న' అని ఉంది. 'చొక్కాలు' కొట్టేసి 'అమ్మ'. ఆదివారం గడి ఒక్కటే ఖాళీగా కనిపిస్తే తమ్ముడు ఊరుకుంటాడా? 'అక్క నాకు లెక్కలు చెప్పాలి' అని పెన్సిల్‌తో ఇరికించాడు. దాన్నీ అడ్డంగా కొట్టేసి, కింద అమ్మ గుండ్రటి అక్షరాలతో రాసింది: 'నిద్ర. లేపితే ఊరుకునేది లేదు.'

పెద్దమ్మాయి భుజం మీది సంచీ కింద పడేసి, ఫోన్ తీసి, ఆదివారం అలారం ఆపేసింది.