హవానా చుట్టను కోసిన అడకత్తెర

నేను ఒక అడకత్తెరను. మీరు ఏ ఇరుకులో పడ్డా వెంటనే నా పేరెత్తి పోకచెక్క మీద జాలి పడతారు. పోకచెక్కదేముందండీ, ఒక్క నొక్కుతో దాని కథ ముగిసిపోతుంది. రెండు వైపుల నుంచీ రోజంతా నొక్కించుకునేదాన్ని నేను. నా బాధ ఏమిటని ఇంతవరకూ ఒక్క మనిషీ అడిగిన పాపాన పోలేదు. అడగకపోయినా చెప్పుకుంటాను. ఈ మధ్య నాకు తీరిక ఎక్కువైంది.

శ్రీకాకుళం వైపు బుడితిలో నన్ను పోతపోశారు. ఇత్తడి పిడులు, ఉక్కు అలుగు, పిడుల చివర రెండు చిలకలు. పోతపోసినాయన ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ కుడి చిలకకు ఒక కన్ను చిన్నది పెట్టాడు. అందువల్ల అది ఎప్పుడూ ఎవరికో కన్ను కొడుతున్నట్టే ఉంటుంది. అమ్మవారి జాతరలో మహలక్ష్మమ్మ అనే ఇల్లాలు ఆ కన్ను చూసి పకపకా నవ్వి నన్ను కొనుక్కుంది.

వక్కలు కత్తిరించడమే నా ఉద్యోగమనుకుంటే పొరపాటు. ఆ ఇంట్లో అత్తగారు అల్లుడి ఎదుట పడకూడదు, పడినా నేరుగా మాట్లాడకూడదు. తలుపుచాటున నిలబడి దేనితోనో మాట్లాడుతున్నట్టు మాట్లాడాలి, అల్లుడు అది విని దానికే జవాబు చెప్పాలి. కొందరు స్తంభంతో చెబుతారు, కొందరు పిల్లితో చెబుతారు. మహలక్ష్మమ్మ చేతిలో ఎప్పుడూ నేనుండేదాన్ని కాబట్టి నాతో చెప్పేది. వక్కలు నమిలే ఇళ్లలో అడకత్తెరలు బోలెడున్నాయి. మాటలు మోసినదాన్ని మాత్రం నేనే.

మహలక్ష్మమ్మ పోతూ పోతూ నన్ను కూతురు అప్పలనర్సమ్మ చేతిలో పెట్టింది. అప్పలనర్సమ్మకు ఒక్కతే కూతురు, వరాలు. అల్లుడు సన్యాసిరావు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యి విశాఖపట్నంలో పాత ఊళ్లో, హార్బరుకు దగ్గరగా ఇల్లు కట్టుకున్నాడు. భర్త పోయాక నరసన్నపేటలో ఒంటరిగా ఉన్న అప్పలనర్సమ్మను అతనే వచ్చి తీసుకువచ్చాడు. అల్లుడింట తిని కూర్చోవడం ఆమెకు ముళ్ల మీద కూర్చున్నట్టే ఉండేది. ఎంత మంచి అల్లుడైనా అల్లుడే కదా అనేది. కంచంలో రెండోసారి కూర వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టేది. ఆకలి నాకు తెలుసు, ఆమె పొట్ట పక్కన సంచిలోనే కదా నా కాపురం.

వరాలు ఉన్నంతకాలం అత్తా అల్లుళ్ల మధ్య ఆమే రాయబారి. భిలాయిలో ఉన్న కూతురి పురిటికి ఆమె బయలుదేరి వెళ్లాక నా పాత ఉద్యోగం నాకొచ్చింది.

“ఏటే కత్తెరా, బాబుగోరు కాపీ తాగుతారేటో కనుక్కో.”

“కత్తెరా, ఇప్పుడే తాగానని చెప్పు మీ అమ్మగారికి.”

నేను చెప్పేది ఏమీ లేదు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినిపిస్తూనే ఉంది. అయినా నేను లేకపోతే ఆ ఇంట్లో కాఫీ దొరకదు. మనుషుల మర్యాదలు అలాగే ఉంటాయి మరి.

అప్పలనర్సమ్మకు ఒక్కటే వ్యసనం, అడ్డపొగ. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటుంది, చల్లటి కొస బయట ఉంటుంది. నోరు పాడైపోతుందని డాక్టరు తిట్టాడు. వరాలు ఒట్టు వేయించుకుంది, వెళ్లేముందు పొగాకు కట్టంతా ఎత్తి చెత్తబండిలో పారేసింది. ఆ తరవాత అప్పలనర్సమ్మ మొహం చూడాలి మీరు. వక్కలన్నీ నా చేత పొడి పొడి చేయించింది, అయినా నోటికి ఏమీ ఆనలేదు.

ఒకనాటి పొద్దున హాల్లో అలమరా తుడుస్తుంటే పై అరలో ఒక చెక్కపెట్టె కనబడింది. దులుపుదామని దించింది. మూత తెరుచుకుంది. లోపల ఒక్కటే చుట్ట, మెడకు ఎర్రబంగారు కాగితం పట్టీ, అరటిదూటంత లావు. గుప్పున వాసన. ఆమె కళ్లు మూసుకుంది.

“ఓడలో కొనుక్కుని మర్సిపోయుంటారే బాబుగోరు. ఒంటిగా ఎండిపోతంది పాపం,” అని నాతో అంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఒంటిగా ఉన్నదాన్ని ఎవరైనా అంత మెత్తటి గుడ్డలో చుట్టి దాచుకుంటారా? కానీ నాకు మాటలు మోయడమే తెలుసు, చెప్పడం తెలియదు. నా అలుగు మధ్యన పెట్టి చుట్టను ముక్కలు చేసింది. మొదటి ముక్క వెలిగించి నిప్పును నోట్లో దాచుకుని పెరట్లో కూర్చుంది. అబ్బ, ఆ మొహంలో వెలుగు! కాగితం పట్టీని ఉంగరంలా చిటికెనవేలికి తొడుక్కుని చూసుకుంది కూడా. మిగతా ముక్కలు ఆ తరవాత ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.

కొన్నాళ్లకు సన్యాసిరావు హాల్లో ఫోను పట్టుకుని గట్టిగా మాట్లాడుతున్నాడు.

“రండి సార్, ఆదివారం భోజనానికి రండి. మీరిచ్చిన హవానా చుట్ట అలాగే దాచాను. మీరన్నట్టే చెరిసగం కాలుద్దాం.”

తలుపుచాటున అప్పలనర్సమ్మ చేతిలోంచి నేను జారి ఖంగుమని పడ్డాను.

అవతలివైపు ఆయన కెప్టెన్ దొరస్వామి నాయుడు, సన్యాసిరావు పనిచేసిన ఓడకు పెద్ద. విడిపోయేనాడు తన దగ్గర మిగిలిన ఆఖరి క్యూబా చుట్టను ఇంజనీరు చేతిలో పెట్టి, మీ ఇంటికొచ్చినప్పుడు ఇద్దరం కలిసి కాలుద్దాం అన్నాడట. ఆ సంగతంతా ఫోనులోనే వినబడింది.

“ఓలమ్మో, కొంప ములిగిపోనాదే కత్తెరా! అల్లుడు దాసుకున్నది అత్త కాల్సీసిందంటే నానింక ఏ మొకమెట్టుకుని ఈ ఇంట కూకుంటాను? మూట కట్టుకుని నరసన్నపేట ఎల్లిపోవాల్సిందే.”

చెప్పేద్దామని ఆమె ప్రయత్నించకపోలేదు. మధ్యాహ్నం వడ్డించి తలుపు వెనక నిలబడి, “కత్తెరా, బాబుగోరికి సెప్పు...” అని మొదలుపెట్టింది. “...పప్పులో ఉప్పు సరిపోనాదేటో అడుగు,” అని ముగించింది. సాయంత్రం మళ్లీ మొదలుపెట్టి దోమల మీదికి పోయింది.

ఇక వేరే దారి లేదు. అలాంటి చుట్ట ఇంకొకటి సంపాదించి, కాగితం పట్టీ తొడిగి, పెట్టెలో పెట్టెయ్యాలి. క్యూబా ఎక్కడుందో ఆమెకు తెలియదు. కానీ ఆ చుట్ట రుచి అంగిలికి అంటుకునే ఉంది. “ముందు కాపీ పొడి. తరవాత తడిసిన కర్ర. ఆకర్న ఏపిన జీడిపప్పు,” అని నాకు వల్లెవేసి వినిపించింది. పొడవెంతో కూడా మరిచిపోలేదు. సరిగ్గా నా ఎడమ పిడి అంత. కొలబద్దగా నేను సంచిలోకెక్కాను.

సందు చివర కిళ్లీకొట్టులో సీమ చుట్టలంటూ గాజుపెట్టెలో పెట్టి అమ్ముతున్నాడు. ఆమె ఒకటి కొని, అక్కడే వెలిగించి, నిప్పును నోట్లోకి తిప్పింది. కొట్టువాడు నీళ్ల సీసా పట్టుకుని బయటికి దూకాడు, మనిషికి నిప్పంటుకుందని. ఆమె తీసి చూసి, “గడ్డి,” అంది. చేపలరేవు దగ్గర అమ్మే చుట్టకు నోరు భగ్గుమంది. “ఇది పొగాకు కాదు, మిరపతొడిమ.” అరవదేశం చుట్ట ఒకటి బాగానే మొదలై తియ్యగా తిరిగింది. “బెల్లం పూసినాడు ఎదవ.” ఇలా ఆమె రుచి చూస్తుంటే చుట్టూ జనం మూగారు. ఒకాయన ఉండబట్టలేక, “అలా కాలిస్తే రుచి తెలుస్తాదేటమ్మా?” అన్నాడు. “పొగ బయటెట్టుకుని ముక్కుకు సూపిత్తే నీకేటి తెలుస్తాది? నిప్పు లోపలికెల్తే ఆకు అబద్దమాడలేదు,” అని అతన్ని పంపేసింది. ఆ మాటకు నా చిలక కన్ను కొట్టకుండా ఉండలేకపోయింది.

చివరికి పూర్ణా మార్కెట్టు వెనక గవరయ్య అనే ముసలాయన పొగాకు కొట్టు చేరాం. గోదావరి లంకల నుంచి తెప్పించిన ఆకు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి. ఆమె ఒక్కో కట్టా వాసన చూసుకుంటూ లోపలిదాకా వెళ్లింది. మూలనున్న నల్లటి కట్ట దగ్గర ఆగిపోయింది. ఆకు చింపి, వేలంత చుట్టుకుని, వెలిగించి నోట్లో దాచుకుంది. కాఫీ పొడి దాటింది. తడిసిన కర్ర దాటింది. నేను ఊపిరి బిగబట్టాను.

“జీడిపప్పు!” అని అరిచింది. ఆ అరుపుకు గవరయ్య స్టూలు మీంచి లేచాడు.

ఆ ఆకుతోనే చుట్టమని నన్ను తీసి పొడవు చూపించింది, రెండు వేళ్లు కలిపి లావు చూపించింది. గవరయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. “ఇంత లావు సుట్ట సుట్టమన్న పిచ్చోల్లలో నువ్వు రెండోదానివప్పా,” అని గొణుక్కుంటూ చుట్టాడు. ఆ మాట మేమిద్దరమూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

ఆదివారం కెప్టెన్ వచ్చాడు. నిలువెత్తు మనిషి, తెల్లటి మీసం, నవ్వితే కిటికీ రెక్కలు ఊగుతాయి. కోనం చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుని, “అమ్మా, ఈ చేత్తో నాలుగు రోజులు తింటే నేను మద్రాసు వెళ్లను,” అని వంటింటి వైపు కేక వేశాడు. లోపల అప్పలనర్సమ్మకు అది సంతోషం కలిగించలేదు. నన్ను పట్టుకుని తలుపు సందులోంచి అలమరా వైపే చూస్తోంది.

భోజనాలయ్యాయి. సన్యాసిరావు అలమరా దగ్గరికి వెళ్లాడు. పెట్టె దించి, మూత తీసి, చుట్టను వేళ్ల మధ్య పట్టుకుని ఒక్కసారి నొక్కి చూశాడు. ఇంకా ఇంత మెత్తగా ఉందేమిటన్నట్టు అతని కనుబొమ్మలు పైకి వెళ్లాయి. పోయిందిరా దేవుడా అనుకున్నాను. అతను తలుపు వైపు తిరిగాడు. “కత్తెరా, ఒకసారి ఇలా రా,” అన్నాడు. తలుపుచాటు నుంచి చెయ్యి ఒకటి నన్ను బయటికి అందించింది.

అన్నేళ్లలో నా రెండు పిడుల మధ్యకు ఎన్నో వచ్చాయి. ఆ రోజు మాత్రం అటు అత్త, ఇటు అల్లుడు ఉన్నట్టనిపించింది. చుట్ట సరిగ్గా సగానికి తెగింది. కెప్టెన్ వెలిగించి, నిదానంగా పీల్చి, కళ్లు మూసుకున్నాడు.

“అదేనయ్యా సన్యాసిరావూ. అచ్చం అదే. మా ఆవిడ పోయాక నాకు ఏదీ రుచించడం లేదు. ఇవాళ మళ్లీ డెక్కు మీద నిలబడినట్టుంది. దీన్ని నాకోసం ఇన్నేళ్లు దాచావు చూడు, నీలాంటి మనిషి ఉండడు.”

సన్యాసిరావు చేతిలో చుట్ట ఆరిపోయింది. ఆ మెప్పు అతను మొయ్యలేకపోయాడు.

“సార్, నన్ను అంత మాట అనకండి. మీరిచ్చింది నేను రిటైరైన మొదటి వానాకాలంలోనే కాల్చేశాను. ఓడ మీద బెంగ పెట్టుకుని ఉండలేకపోయాను. మీరొస్తే ఏం పెట్టాలని ఊరూరా వెతికాను. డొమినికన్ చుట్టలు తెప్పించాను, చప్పగా ఉన్నాయి. నికరాగువావి తెప్పించాను, ఘాటు. ఆఖరికి మన గోదావరి లంక ఆకే దగ్గరగా ఉందని ఒకటి చుట్టించి, ఆ పాత కాగితం తొడిగి పెట్టాను. మీరు కాలుస్తున్నది అదే.”

“అది కాదు బాబూ!”

ముగ్గురం తలుపు వైపు చూశాం. అప్పలనర్సమ్మ చాటు వదిలి హాలు మధ్యకు వచ్చేసింది. కొంగు నోటికి అడ్డం లేదు, కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి. నన్ను చూడలేదు. అల్లుడి మొహంలోకి చూసింది.

“అది నాను కాల్సీసినాను బాబూ. నువ్వు మర్సిపోనావనుకున్నాను. ఇది నాను తెచ్చెట్టినది. దొంగతనం సేసినదాన్ని, నన్ను నరసన్నపేట బస్సెక్కించీ.”

సన్యాసిరావు కుర్చీలోంచి లేచాడు. తరవాత మెల్లిగా అడిగాడు. “ఎక్కడ చుట్టించారత్తయ్యా?”

“మార్కెట్టెనక, గవరయ్య కొట్టు.”

“మూలనున్న నల్ల కట్టా?”

“ఆ, అదే.”

ముందు సన్యాసిరావుకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. “బస్సేమిటత్తయ్యా? దాన్ని వెతకడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీరు వారంలో పట్టుకున్నారు. మిమ్మల్ని ఎక్కడికీ పంపను.” ఆమె ఏడుస్తూనే నవ్వింది. కెప్టెన్ అల్లుడి వైపు ఒకసారి, అత్త వైపు ఒకసారి చూసి, “హవానా ఎవరికి కావాలయ్యా, ఆ గవరయ్య కొట్టు మూసేలోపు బండి తియ్యి,” అని తన చేతికర్ర అందుకున్నాడు. సన్యాసిరావు ఆరిపోయిన తన సగాన్ని అత్తగారికి అందించాడు. ఆమె సిగ్గుపడుతూనే వెలిగించి నిప్పును నోట్లో పెట్టుకుంది. ఏడు సముద్రాలూ చూసిన కెప్టెన్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

వరాలు భిలాయి నుంచి వచ్చేసరికి అత్తా అల్లుళ్లు వసారాలో కూర్చుని ఏ లంక ఆకు మంచిదని పోట్లాడుకుంటున్నారు. ఆమెకు మతిపోయింది. ఒట్టు తప్పినందుకు అమ్మకూ, తప్పనిచ్చినందుకు మొగుడికీ చీవాట్లు పెట్టి, ఆదివారం ఒక్కటి, అదీ నిప్పు బయట పెట్టి కాల్చాలని కట్టడి చేసింది. ఉప్పులేని కూరలా ఉందని అప్పలనర్సమ్మ గొణుగుతుంది గానీ మాట తప్పదు. కంచంలో రెండోసారి కూర మాత్రం అడిగి వేయించుకుంటుంది.

నా సంగతి అంటారా? వక్కపొడి కొట్లోనే దొరుకుతోంది, మాటలు నేరుగా నడుస్తున్నాయి. సన్యాసిరావు నన్ను శుభ్రంగా తుడిచి, ఆ కాగితం పట్టీని నా ఎడమ పిడికి తొడిగి, హవానా పెట్టెలో మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టాడు. మర్యాదకేమీ లోటు లేదు. కానీ ఉద్యోగం పోయినదాని బాధ మీకు తెలియదు. వీళ్లిద్దరూ ఒక్కసారి అలిగితే బాగుండునని రోజూ మొక్కుకున్నాను.

నిన్న ఆ మొక్కు ఫలించింది. కెప్టెన్‌కు పంపే చుట్టల గురించి మాటామాటా పెరిగింది, ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. అడుగులు అలమరా దగ్గరికి వచ్చాయి. మూత తెరుచుకుంది. ఆ చెయ్యి నాకు తెలిసిన చెయ్యే, నా గుండె ఝల్లుమంది.

“ఏటే కత్తెరా, బాబుగోరికి సెప్పు...” అని అప్పలనర్సమ్మ నన్ను పైకెత్తింది. హాల్లో అల్లుడి వైపు చూసింది. అతను పేపరు చాటున నవ్వు ఆపుకుంటున్నాడు. ఆమెకూ నవ్వొచ్చింది.

“నీకెందుకులేయే, నానే సెప్తాను,” అని నన్ను మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేసేసింది.