అమ్మను కూడా అడిగారు

“ఇంట్లోనే ఉంటావు గదా, పిల్లల స్కూళ్ళ సంగతి నువ్వే చూడు” అన్నాడు హరీశ్, షూ లేసులు కట్టుకుంటూ. లండన్ ఆఫీసుకు అతని బదిలీ ఖాయమైన మర్నాటి పొద్దున అది. కిరణ్మయి అప్పుడు అత్తగారి కింద తడిసిన దుప్పటి మారుస్తోంది. వానాకాలంలో స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి నంజమ్మ మంచం దిగలేదు.

ఇంట్లోనే ఉండే మనిషి కాబట్టి అన్నీ కిరణ్మయే చూసింది. నంజమ్మ కునుకు తీసే మధ్యాహ్నాల్లో కాటన్‌పేట ఇంటికి తాళం వేసి, బ్రౌజింగ్ సెంటర్‌కు పరుగెత్తి ఇంగ్లండు బడులకు మెయిళ్ళు రాసింది. పిల్లల మార్కుల కాగితాల కోసం వాళ్ళ బడికి వెళితే ప్రిన్సిపాల్ ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసి, “ఫాదర్ రాలేదా? ఆయన సంతకం కావాలే” అన్నాడు. చైతునూ అనఘనూ వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, గ్రైండర్ హోరులో గొంతు పెంచి ఇంగ్లీషు పాఠాలు చదివించింది, లెక్కలు చేయించింది. పెళ్ళికి ముందు నెల్లూరులో జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ బుర్రకు పని దొరికినట్టయింది. అలసటలోనూ ఒక సంతోషం. ఇంగ్లండులో ఆమె ఎంచిన బడిలో హాస్టలు పిల్లలూ ఉంటారు, ఇంటి నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు. మన పిల్లలు ఇంటి నుంచే కదా అనుకుంది. పొద్దున్నే వాళ్ళను బడిలో దింపి, తెలియని వీధుల్లో ఒక్కతే నడిచి వస్తున్నట్టు, దారిలో పేరు తెలియని చెట్టు దగ్గర ఆగి ఆకు తుంచి చూస్తున్నట్టు ఊహించుకునేది. ఆ ఊహ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

ఒకరోజు తల దువ్వుతుంటే నంజమ్మ అంది: “పిల్లోళ్ళు ఆడ హాస్టల్లో ఉంటారంట గదమ్మా. నువ్వు ఈడే ఉంటావని హరీశ్ చెప్పినాడు. ఆ మాట విన్నాక నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉండాది.”

“ఎప్పుడు చెప్పారు అత్తయ్యా?”

“ఉగాదికి ముందరే. నీకు చెప్పలేదా ఏమప్పా?”

కిరణ్మయి జడ పూర్తిచేసింది. ఎక్కడా వంకర లేకుండా అల్లింది.

సాయంత్రం అడిగితే హరీశ్ కంగారు పడలేదు. “చెప్దామనే అనుకున్నా. నువ్వు అప్లికేషన్ల పనిలో అంత ఇంట్రెస్ట్‌గా ఉంటివి, మధ్యలో ఎందుకు డిస్టర్బ్ చేసేదని. రెండేళ్ళే గదా. అమ్మను ఎవరో ఆయమ్మ చేతిలో పెట్టి పోతే బంధువులు ఏమంటారు? శని, ఆదివారాలు పిల్లలు నా దగ్గరికి వస్తారు. ఊరికే టెన్షన్ పడొద్దు.”

“నన్ను అడగలేదు మీరు.”

“అడిగితే వద్దంటావా ఏం?” నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆమె మీద అతనికి కోపం లేదు, ద్వేషం లేదు. అది అడగాల్సిన విషయమని అతనికి తోచనే లేదు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేది. ఈ నిశ్చింతలో పట్టుకుని పోట్లాడటానికి ఏమీ లేదు. తన పిల్లల్ని తన నుంచి పంపేయడానికి ఇన్నాళ్ళూ తనే వాళ్ళకు శిక్షణ ఇచ్చిందని ఆమెకు అర్థమైంది.

తర్వాతి వారం ఆ ఇంగ్లండు బడి నుంచి ఇంటర్వ్యూకు ఫోన్ వచ్చింది. చైతు గడగడా మాట్లాడాడు. అనఘ కూడా ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది. ఆఖరున ఆ టీచరమ్మ, “మీ అమ్మతో మాట్లాడవచ్చా?” అంది. కిరణ్మయి కొంగుకు చేయి తుడుచుకుని ఫోన్ అందుకుంది.

“తొమ్మిదేళ్ళ పాప హాస్టల్లో ఉండగలదా? తల్లిగా మీరేమనుకుంటున్నారు?”

మీరేమనుకుంటున్నారు. ఈ బదిలీ మాట మొదలైనప్పటి నుంచి ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి, ఎన్నడూ చూడని, ఇకముందు చూడబోని ఈమె. ఎదురుగా హరీశ్ తల ఊపుతున్నాడు, ఉండగలదని చెప్పమని. కిరణ్మయి చూపు తిప్పుకుని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. “ఉండలేదు. ఇప్పటికీ నా మీద చేయి వేస్తేనే నిద్రపోతుంది. తనను ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు.”

అప్పుడైనా హరీశ్ ఆలోచిస్తాడనీ, అయితే నువ్వూ రా అంటాడనీ ఆశపడింది. చైతుకు సీటు వచ్చింది. అనఘకు వచ్చే ఏడాది మళ్ళీ ప్రయత్నించమన్నారు. హరీశ్ అరవలేదు. “సరే, చైతును తీసుకుపోతా. అనఘ నీ దగ్గరే ఉండనీ. నీకూ తోడు ఉంటాది” అన్నాడు, ఆమె కోరిక తీర్చినట్టు.

“అన్నీ కరెక్ట్‌గానే చెప్పినా గదా. నువ్వెందుకు అట్ల చెప్పినావమ్మా?” అని అనఘ ఏడ్చింది. ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

సెప్టెంబరులో తండ్రీకొడుకులు వెళ్ళిపోయారు. మొదట్లో చైతు ఆదివారాలు తండ్రి దగ్గరికి వచ్చినప్పుడు ఫోన్‌లో “అమ్మా” అని ఆగిపోయేవాడు. దసరా దాటాక ఆటల గురించి, స్నేహితుల గురించి చెప్పేవాడు. ఆ తర్వాత “ఇక్కడ అంతా బాగుంది” అని ఫోన్ నాన్నకు ఇచ్చేయసాగాడు.

క్రిస్మస్ సెలవుల్లో ఒక సాయంత్రం కిరణ్మయి కూరగాయల సంచితో ఇంట్లోకి వచ్చేసరికి అనఘ నాయనమ్మ నడుము కింద చేయి పెట్టి పక్కకు ఒత్తిగించి, బెడ్‌ప్యాన్ బయటికి తీస్తోంది. చుక్క ఒలకలేదు. ఎవరూ నేర్పలేదు, రోజూ చూసి నేర్చుకుంది.

నంజమ్మ కళ్ళు తడిసి ఉన్నాయి. “చూస్తివా కిరణా, నీకంటే మెత్తగా పట్టుకుంటాది బంగారు తల్లి. ఇంగ నాకేం దిగుల్లేదు. ఇంట్లో ఇద్దరు ఆడోళ్ళుండారు.”

సంచి ఎక్కడ పడిపోయిందో కిరణ్మయి చూసుకోలేదు. కూతురి చేతిలోంచి బెడ్‌ప్యాన్ లాక్కుంది. అది కడిగి వచ్చి, అనఘ చేతులకు సబ్బు రాసి, మోచేతుల దాకా రుద్ది కడిగింది.

“నీ ఇంగ్లీషు పుస్తకాలు తీసుకురా.”

“సెలవులు గదమ్మా.”

“ఆ బడికి మళ్ళీ రాద్దాం. హాస్టలుకే.”

అనఘ చాలా రోజుల తర్వాత తల్లి ముఖంలోకి సూటిగా చూసింది. “నువ్వూ వస్తావా?”

“రాను.”

“మళ్ళీ ఆ మేడమ్ ఫోన్ చేసి నిన్ను అడిగితే?”

“నువ్వు నేను లేకుండా ఉండగలవని చెప్తాను.”

“ఉండగలనా అమ్మా?”

“ఉండాలి” అంది కిరణ్మయి.