ఎవరూ పిలవని పేరు

టోర్కిల్ తన భార్యను బతికున్నంత కాలం పేరు పెట్టి పిలవలేదు. ఈ సంగతి కూతురు దోలీనాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లోనే పుట్టింది, ఆ ఇంట్లోనే పెరిగింది, తల్లి పోయాక తండ్రికి వండిపెట్టడానికి చంటిబిడ్డను ఎత్తుకుని మళ్ళీ ఆ ఇంటికే వచ్చింది.

వంటింటి గోడకు ఆనుకుని మగ్గం షెడ్డు. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో ఉన్నినూలు అయిపోగానే టోర్కిల్ ఖాళీ కండెతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. పిలుపు అంతే. తల్లి చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, చుట్టి ఉంచిన కండెల బుట్ట తీసుకుని పరిగెత్తేది. బార్లీ రొట్టె పెనం మీదే మాడేది. మాడిన రొట్టె తను తినేది. స్కాట్లండులోని ఆ లూయిస్ దీవిలో మంచి నేతగాళ్ళ పేర్లు చెప్పమంటే నలుగురూ టోర్కిల్ పేరు చెప్పేవారు. ఆ మగ్గానికి పొద్దస్తమానం కండెలు చుట్టిన మనిషి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, "ఏం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు అతను.

ఆమె పేరు బెహక్. దీవి భాష గేలిక్ తెలిసినవాళ్ళకు ఊపిరి వదిలినంత సులువు. కాగితం మీద అక్షరాలు చూసి చదివే బయటివాడు మాత్రం బీతాగ్ అంటాడు. వేసవిలో వేటకు వచ్చే దొరల బసలో ఆమె పక్కలు సర్దే పనికి పోయేది. అక్కడి మేనేజరు మొదటి రోజే, "ఇది మా వల్ల కాదు గానీ, నువ్వు బెకీ" అన్నాడు. ఏప్రను మీద బెకీ అని కుట్టించి ఇచ్చాడు. ఆమె ఆ ఏప్రను ఇంటికి తెచ్చి ఉతుక్కుని ఆరేసుకునేది. తాడు మీద బెకీ గాలికి ఊగుతూ ఉంటే, చిన్నప్పుడు దోలీనా ఆ బెకీ ఎవరని అడిగింది. "ఎవరో పనిమనిషిలే" అని తల్లి నవ్వింది. పోయిన చలికాలం ఆమె చచ్చిపోతే ఇంట్లో కీర్తనలు పాడారు, ప్రార్థన చేశారు, ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. శవపేటికను మగవాళ్ళు మోసుకుపోయారు. ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. కాబట్టి దోలీనా ఆగిపోయింది. మంచు కరిగాక ఒక్కతే సమాధుల దగ్గరికి పోయి చూస్తే, రాయి మీద రెబెకా అని చెక్కి ఉంది. తన తల్లి ఎక్కడుందో తెలియక రాళ్ళ మధ్య కాసేపు వెతుక్కుంది. ఆ పేరు కింద టోర్కిల్ భార్య అని ఉంటే చూసి ఆనవాలు పట్టింది. ఇంటికొచ్చి అడిగితే, "ఇంగ్లీషులో దాన్ని అలాగే రాస్తారు" అన్నాడు టోర్కిల్. "దాన్ని" అన్నది పేరునో మనిషినో దోలీనా అడగలేదు.

బిడ్డకు పేరు పెట్టే బాప్తిస్మానికి ముందురోజు శనివారం. ఆదివారం ఏ పనీ చేయకూడదు కనుక ఆదివారం పని కూడా ఆమె శనివారమే చేసింది. నీళ్ళు తోడింది, రెండు రోజులకు సరిపడా బంగాళాదుంపలు చెక్కు తీసింది, మధ్యమధ్య గోడ మీద దెబ్బ వినబడగానే కండెలు అందించింది. ఓడ ఉద్యోగం నుంచి భర్త ఈవర్ సెలవు మీద వచ్చాడు. అతని తల్లి కర్స్టీ వచ్చింది. ఉప్పు హెర్రింగు చేప, దుంపలు వడ్డించి, నిలబడే చెప్పింది దోలీనా.

"పిల్లకు అమ్మ పేరు పెట్టుకుంటాను."

"ముర్దీనా అనుకున్నాం కదమ్మా," అంది కర్స్టీ.

ముర్దో ఈవర్ తండ్రి. ఈ మధ్యే పోయాడు. మగమనిషి పోయాక ఆ ఇంట్లో ఆడపిల్ల పుడితే అతని పేరుకే తోక తగిలించి పెడతారు. దోలీనా పేరూ అలాంటిదే. సముద్రంలో మునిగిపోయిన చిన్నాన్న దోనల్ పేరు అది.

"మొదటి ఆడపిల్లకు అమ్మమ్మ పేరే కదా వాడుక, అత్తయ్యా."

"వాడుకే, కాదన్నానా. కానీ మీ మామగారు పోయి ఏడాది తిరగలేదు."

"మా అమ్మ పోయీ తిరగలేదు."

"మగవాడి పేరు నిలబడాలమ్మా. అయినా బెహకేమిటి? రేపు పిల్ల గ్లాస్గోలో నర్సుగా చేరితే, డాక్టరు పాపం ఏమని పిలుస్తాడు?"

"తుమ్మాడనుకుని ఇది జలుబు మందు తెచ్చిస్తుంది," అన్నాడు ఈవర్. తల్లీకొడుకులు నవ్వారు.

"నువ్వు చెప్పు," అంది దోలీనా అతనితో. "రేపు పేరు చెప్పేది నువ్వు."

"నన్ను మధ్యలోకి లాగకు, దోలీ. మీ అమ్మ పేరు. మీ నాన్న ఏమంటే అదే."

టోర్కిల్ చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. తల ఎత్తలేదు.

"బయటివాళ్ళకు నోరు తిరగదు. ముర్దీనా పెట్టండి."

మాట అయిపోయింది. దోలీనా ఎంగిలి పళ్ళేలు తీసింది. అందరూ తిన్నారు, తను తినలేదని ఎవరూ చూడలేదు. అక్కడ ముగ్గురున్నారు. తల్లి చేతి ముద్ద తిన్నవాళ్ళే ముగ్గురూ. ఆమె తరఫున మాట్లాడడానికి ఒక్కరు లేరు. తల్లికి ఇలాగే ఉండేదేమో. ఇంటి నిండా మనుషులు, తనను ఎరిగినవాడు లేడు. బిడ్డ ఏడిస్తే తీసుకుని లోపలికి పోయి పాలిచ్చింది. చెవి దగ్గర బెహక్ అంది, మెల్లగా, దొంగతనం చేస్తున్నట్టు. తన ఇంట్లో, తన భాషలో, తన బిడ్డ దగ్గర.

మర్నాడు చర్చిలో ఈవర్ బిడ్డను ఎత్తుకుని లేచి నిలబడ్డాడు. బిడ్డ తల్లి ముందు వరుసలో కూర్చునే ఉండాలి. పేరు తండ్రి నోటి నుంచి రావాలి. పాస్టరుగారు ఒంగి, "పేరు?" అన్నారు. ఈవర్ ఒకసారి కర్స్టీ వైపు, ఒకసారి మామ వైపు చూశాడు. టోర్కిల్ నేల చూస్తున్నాడు.

"బెహక్," అంది దోలీనా.

కూర్చున్న చోటి నుంచే అంది. గట్టిగా అనలేదు. కీర్తనలు తప్ప ఆడగొంతు వినబడని చోట అది గోడల దాకా పోయింది. పాస్టరుగారు ఈవర్ వైపు చూశారు. ఈవర్ ఔననలేదు, కాదనలేదు. పాస్టరుగారు నీళ్ళు చిలకరించి ఆ పేరే చెప్పారు. బయటికొచ్చాక జనం దోలీనాతో చెయ్యి కలిపి వాతావరణం గురించి మాట్లాడారు. కర్స్టీ బిడ్డను ఎత్తుకోలేదు. ఇంటి దాకా ఈవర్ పది అడుగులు ముందు నడిచాడు.

సోమవారం పొద్దున మగ్గం మొదలైంది. కాసేపటికి ఆగింది. గోడ మీద రెండు దెబ్బలు. కండెల బుట్ట పొయ్యి పక్కనే ఉంది, నిండుగా. దోలీనా బిడ్డకు పాలిస్తూ కదలలేదు. మళ్ళీ రెండు దెబ్బలు. కాసేపయ్యాక టోర్కిల్ తలుపు దగ్గరికి వచ్చాడు.

"దోలీనా. గోడ మీద కొట్టాను."

"విన్నాను నాన్నా."

"మరి?"

"అమ్మ లేచి వచ్చేది. నేను రాను."

అతను బుట్ట వైపు చూశాడు, తీసుకోలేదు.

"బయటివాళ్ళు ఆ పేరు తప్పు పలుకుతారు," అంది ఆమె. "వాళ్ళకు రాదు, నేర్చుకుంటే వస్తుంది. నీకు వచ్చు. నువ్వు అసలు పలకలేదు. నన్ను మాత్రం దోలీనా దోలీనా అని రోజుకు నూరుసార్లు పిలిచావు. అది నీ తమ్ముడి పేరు కాబట్టి. ఇన్నేళ్ళూ నన్ను పిలిచావనే అనుకున్నాను."

బిడ్డ పాలు వదిలి టోర్కిల్ వైపు తల తిప్పింది.

"ఒక్కసారి పిలువు నాన్నా. ఇది నీ మనవరాలు."

అతను ఒంగి బుట్ట తనే తీసుకున్నాడు. గుమ్మం దాటి ఆగాడు, వెనక్కి తిరగలేదు.

"ఆ పేరు సంగతి ఇక నేను చచ్చేదాకా మాట్లాడను," అన్నాడు.