తాళం వేసిన చేయి

ఆ గాజుగదిలో కుర్చీలు మెత్తగా ఉంటాయి. అడగకుండానే కాఫీ వస్తుంది. కారు చెడిపోయి కంపెనీ సర్వీసు సెంటరుకు వచ్చినవాళ్ళను అందులోకి ఒక్కొక్కరినే పిలుస్తారు. మేనేజరు అందరికీ ఒకే నవ్వుతో ఒకే మాట చెబుతాడు.

"ఈ సమస్య మీ ఒక్కరికేనండీ. ఇంకెవరి బండికీ రాలేదు."

ఆ రోజు ఆ మాట విన్నది అక్క. టాక్సీ స్టాండంతటికీ ఆమె అక్కే. తనూ తమ్ముడూ ఒకే కరెంటు కారును వంతులవారీగా నడుపుకుంటున్నారు. పోయిన వారం తమ్ముడి వంతులో ఆ కారు వంతెన మధ్య, నిండు ట్రాఫిక్‌లో, ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనకనుంచి లారీ గుద్దింది. కారులో ఉన్న పెద్దావిడ అక్కడికక్కడే చనిపోయింది. నిర్లక్ష్యంగా నడిపాడని పోలీసులు తమ్ముణ్ణి లోపలేశారు.

"మావాడు బ్రేకు మీద కాలే పెట్టలేదు సార్. బండే ఆగిపోయింది. ఆ ముక్క మీరు పోలీసులకు చెబితే చాలు, వాడు బయటికొస్తాడు," అంది అక్క.

"చూడమ్మా, రోడ్డెక్కాక బండి పూర్తిగా డ్రైవరు చేతిలోనే ఉంటుంది. దాంతో మాకేం సంబంధం?" మేనేజరు నవ్వు చెక్కు చెదరలేదు. "కావాలంటే నీకు కొత్త బండి ఇప్పిస్తాను. ఈ గొడవ ఇక్కడితో వదిలెయ్."

ఒక మనిషి ప్రాణం పోయింది. ఇంకో మనిషి ఊచల వెనక ఉన్నాడు. ఈయనగారికి అది గొడవ!  అక్క కాఫీ ముట్టుకోకుండా లేచి బయటికి వచ్చేసింది.

బయట వంతుకోసం కూర్చున్నవాళ్ళు తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరి ఏడుపు వాళ్ళది. అక్క వాళ్ళ మధ్యలో నిలబడి ఎదురుగా ఉన్న లెక్కల మాస్టారిని అడిగింది.

"మీ బండికేమైంది మాస్టారూ?"

టాక్సీవాళ్ళతో మాట కలపడం ఆయనకు అలవాటు లేదు. అయినా చెప్పాడు. "నడిరోడ్డు మీద ఆగిపోయిందమ్మా. పిల్లలు లోపల ఉండగానే తలుపులు బిగుసుకుపోయాయి. అద్దం పగలగొట్టి తీశాం. నా ఒక్కడికేనట ఇలా."

"అదేంటి, నా ఒక్కడికేనన్నారే!" అన్నాడు పొడుగు డ్రైవరు.

"నాకూ అదే చెప్పారు," అంది డ్యూటీ బట్టల్లోనే వచ్చిన నర్సు.

 అందరూ ఒక్కసారే మాట్లాడారు. తప్పు తమదేనేమోనని ఇన్నాళ్ళూ లోలోపల కుమిలినవాళ్ళు వాళ్ళు.

ఆదివారం టాక్సీ స్టాండులో మీటింగు పెట్టుకున్నారు. అక్కడా తలో మాట.

"కోర్టుకు వెళదాం. రోడ్డెక్కితే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు మాస్టారు.

"మీకు బండి ఆగితే బస్సెక్కుతారు. మాకు బండి ఆగితే పొయ్యి వెలగదు," పొడుగు డ్రైవరు లేచాడు.

"నాకు మాత్రం నొప్పి లేదనుకున్నావటయ్యా? ఆ అద్దం పగలకపోయుంటే నా చిన్నది..." మాస్టారు కూడా లేచాడు.

అక్క ఇద్దరి మధ్యకూ వచ్చింది. "నాకు కొత్త బండి ఇస్తామన్నారు. తీసుకుంటే నా నోరు మూతపడుతుంది. తమ్ముడు అక్కడే మగ్గుతాడు. రేపు ఇంకెవరో చస్తారు. వాళ్ళ బలమంతా ఆ గాజుగదేనయ్యా. ఇకనుంచి ఎవరమూ ఒక్కరం వెళ్ళొద్దు."

సోమవారం పొద్దున్నే సర్వీసు సెంటరు ఆవరణంతా కార్లతో నిండిపోయింది. టాక్సీలు, సొంత కార్లు పక్కపక్కనే నిలబడ్డాయి. "బండ్లు వెనక్కి తీసుకో! డ్రైవరును విడిచిపెట్టు!" అన్న కేకలకు గాజుగది అద్దాలు అదిరాయి.

పోలీసు వ్యాను లోపలికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపాడు. "వెంటనే బండ్లు తియ్యకపోతే అందరి మీదా కేసులు పెడతా!"

జనంలో బెరుకు పుట్టింది. ఒకరిద్దరు స్టార్టు చేశారు. వాళ్ళను చూసి ఇంకొందరు. మాస్టారి కారు కూడా గేటువైపు కదిలింది.  తమ్ముడి ముఖం అక్క కళ్ళముందు మెదిలింది.

సరిగ్గా అప్పుడే మెట్లమీద మేనేజరు హెడ్డాఫీసుతో ఫోన్లో అరుస్తున్నాడు. "వచ్చినవాళ్ళ బండ్లన్నీ అక్కణ్ణుంచే లాక్ చేసెయ్యండి సార్! బుద్ధి రావాలి వీళ్ళకి!"

కదులుతున్న కార్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గేటులో నాలుగు కార్లు అడ్డంగా బిగుసుకున్నాయి. కార్లలోని తెరలన్నిటి మీదా ఒకే మాట వెలిగింది. "కంపెనీ ఈ వాహనాన్ని నిలిపివేసింది."

కానిస్టేబుళ్ళు తోశారు. చక్రాలు అంగుళం కదల్లేదు.

అక్క నేరుగా ఇన్‌స్పెక్టరు ముందుకు వెళ్ళింది. "మీ కళ్ళతో మీరే చూశారు కదా సార్! ఒక్క డ్రైవరైనా బ్రేకు తొక్కాడా? బండి మా చేతిలో ఉందన్న ఈ పెద్దమనిషే ఫోన్లో చెప్పి అన్నిటినీ ఆపించాడు. మరి నా తమ్ముడు లోపలెందుకున్నాడు?"

ఇన్‌స్పెక్టరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఫోను జేబులోకి తోసేశాడు. అంతలో ఇన్‌స్పెక్టరుకు పైనుంచి ఫోనొచ్చింది. "అలాగే సార్, అలాగే సార్" అన్నాక ఆయన చూపు మారిపోయింది.

"ఈమెను ఎక్కించండి."

అక్కను వ్యానులోకి నెట్టారు. వ్యాను గేటుదాకా వెళ్ళి ఆగింది. ఎటు పోతుంది, దారేది?

"తాళాలు తీయించవయ్యా!" ఇన్‌స్పెక్టరు మేనేజరు మీద విరుచుకుపడ్డాడు.

"వెయ్యమంటే వెంటనే వేశారు సార్. తీయాలంటే హెడ్డాఫీసులో పెద్దలందరూ ఒప్పుకోవాలట..."

మాస్టారు ఆగిపోయిన తన కారు దిగాడు. సిగ్గుతో తల వంచుకుని వచ్చి వ్యానెక్కి, అక్క పక్కన కూర్చున్నాడు.

"మీరెందుకండీ? కేసు ఆమె ఒక్కదాని మీదే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒక్కరికేనన్న మాట చాలాసార్లు విన్నాం సార్," అన్నాడు మాస్టారు.

నర్సు ఎక్కింది. పొడుగు డ్రైవరు ఎక్కాడు. చోటు చాలనివాళ్ళు వ్యాను చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు.

అక్క కిటికీ ఊచలు పట్టుకుని బయటికి కేకేసింది.

"ఇన్‌స్పెక్టరు గారూ! ఇక్కణ్ణుంచి మేమెవరం కదిలేది లేదు. నా తమ్ముణ్ణే ఇక్కడికి తీసుకురండి!"