మోకాలి పేరు చెప్పిన తుంటి

బస్సు డ్రైవరు కూతుర్ని ఆటస్థలంలో అందరూ ‘బుల్లి ఏనుగు’ అనేవారు. ఆ పిల్లకు కోపం రాకపోగా ముసిముసిగా నవ్వుకునేది. పదమూడేళ్లకే పెద్దపిల్లల్ని మించి ఇనుపగుండు విసిరేది మరి.

ఎంపిక పోటీలకు ఇంకా మూడు రోజులుందనగా తండ్రి ఆమెను ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చాడు. నెలన్నరగా కుడి మోకాలు నొప్పి. ఇదివరకు చూసిన డాక్టరు, ఎదిగే వయసు నొప్పి అని పట్టీ కట్టి పంపాడు.

“ఒక్క ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి డాక్టరు గారూ. ఆదివారం గట్టెక్కితే చాలు,” అన్నాడు తండ్రి, మోకాలి ఎక్స్‌రేని బల్ల మీద పెడుతూ.

డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. మోకాలు నిక్షేపంలా ఉంది. చుట్టూ నొక్కి చూసినా పిల్ల కిక్కురుమనలేదు.

“తల్లీ, తలుపు దాకా ఓసారి నడిచి రా.”

పిల్ల కుంటుతూ నడిచింది. ఎడమ పాదం తిన్నగానే పడుతోంది. కుడిది బయటికి తిరిగిపోతోంది. డాక్టరమ్మ గబుక్కున కుర్చీలోంచి లేచింది. పిల్లను పడుకోబెట్టి, కుడి కాలు మడిచి పొట్టవైపు తెచ్చింది. తొడ తనంతట తానే పక్కకు ఒరిగిపోయింది. లోపలికి తిప్పబోతే పిల్ల “అబ్బా!” అంది.

“ఎక్కడ?”

“ఇక్కడ...” గజ్జల్లో చెయ్యి పెట్టి పిల్ల తెల్లబోయింది. “నొప్పి మోకాలికి కదా?”

“దొరికింది! కదలకు, కాలు కింద పెట్టావంటే ఊరుకోను! నర్సమ్మా, చక్రాల కుర్చీ, త్వరగా!”

పావుగంటలో తుంటి ఎక్స్‌రే వచ్చింది. “చూడండి, తొడ ఎముక పైనున్న ఈ బంతి పట్టు తప్పి జారుతోంది. తుంటికీ మోకాలికీ ఒకే నరం వెళ్తుంది. అందుకే తుంటి పాపం మోకాలి పేరు చెప్పి ఏడుస్తోంది.”

“మరి ఆదివారం?”

“ఆదివారం గుండు విసిరితే బంతి పూర్తిగా జారిపోవచ్చు. ఇవాళే స్క్రూ వేసి నిలబెట్టేద్దాం.”

తండ్రి ఏడ్చేశాడు. “బద్ధకమనుకుని నిన్న కూడా పరిగెత్తించానమ్మా...”

“ఏడుపు తర్వాత నాన్నా, ముందు సంతకం పెట్టు!” అంది కూతురు.

ఆ సాయంత్రమే ఆపరేషన్ అయిపోయింది. ఆరు వారాలు చంకకర్రలు, ఆపైన నెలల తరబడి కసరత్తు. రెండో తుంటి కూడా జారుతుందేమోనని డాక్టరమ్మ మూడు నెలలకోసారి పిలిచి చూసేది. పదిహేనో నెలలో చూసి, “ఇక పో, విసురు!” అంది.

మరుసటి వారమే పోటీ. పిల్ల గుండును మెడకు ఆనించి, గిర్రున తిరిగి విసిరింది. టేపు పట్టుకున్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి పరిగెత్తారు. గీత దాటి లోపలికి దూకిన బస్సు డ్రైవర్ని బయటికి లాక్కెళ్లడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.